గోడెక్కిన మందారాలు

బోధనుకు చెరుకంతా ఎడ్లబండ్ల మీదే వచ్చే రోజులవి. పెనిమిటి పోయాక చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటామె సాయిబుల ఆమె, ఆపా అని పిలిచేదాన్ని. వాకిలి ఆమెది. మంచాలు, కోళ్ళగంప, ఎండబోసిన మిరపకాయలు. ఇంక కాలు పెట్టే చోటు ఉంటే ఒట్టు.

అటువంటి ఇంటికి నేను మందారాలు తెచ్చాను. పసుపు కొనడానికని నిజామాబాదు పోయాను. బస్టాండు దగ్గర ఒకతను కుండీలతో సహా అమ్ముతున్నాడు. నడుమెత్తు చెట్లు, ఎర్రగా విరగబూసి ఉన్నాయి. చూశాను, కొన్నాను, అంతే. పసుపు సంగతే మరిచిపోయాను. బస్సు పైకెక్కిస్తూ కండక్టరు నవ్వాడు.

"అక్కా, తోటనే తోల్కపోతున్నవ్. ఇంట్ల జాగ ఉన్నదా?"

లేదు. ఆపా చూడగానే అరిచింది. "మనుషులకే జాగ లేదు, ఏందమ్మా ఇది? జుమ్మా లోపల తియ్యకుంటే బయట పారేపిస్త!"

పక్కింటామె ఇంకొకటి అందుకుంది. "మొగడు లేనిదానివి, నీకు పూలెందుకే?"

"సిగల పెట్టుకునేటందుకు కాదు, సూసేటందుకు. నా కండ్లు సచ్చినయా?" అన్నాను.

కుండీలన్నీ బయట గోడవారన పెట్టాను. అప్పుడు గానుగ కాలం, ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ గేటు దాకా బండ్లు బారులు తీరి పొద్దంతా నిలబడతాయి. మర్నాడే ఒక ఎద్దు మెడ చాచి ఒక చెట్టును సగం మేసింది.

"నీ ఎద్దుకు చెరుకాకు సాలలేదా?" అని మీదికి పోయాను.

బండాయన చెరుకు మోపుల మీద, ఎత్తున కూర్చుని ఉన్నాడు. నా మాట పట్టించుకోకుండా గోడ మీదుగా లోపలికి చూస్తూ, "మీ వాకిట్ల మిరపకాయలు మంచిగెండినయక్కా" అన్నాడు.

తిట్టబోయినదాన్ని ఆగిపోయాను. ఆపా పరదాలో ఉండే మనిషి. ఈ బండ్ల మీది మగాళ్ళకు వాకిలంతా కనబడుతుందని, గానుగ నడిచినన్నాళ్ళూ ఆమె చీకటి గదిలోనే ఉండేది. గోనెపట్టాలు కడితే గాలికి ఊడిపోయేవి. ఆ గోడ మట్టిగోడ, కుండీ పట్టేంత వెడల్పు.

నిచ్చెన వేసుకుని ఒక్కొక్క కుండీనీ పైకెక్కించాను. ఎద్దు మేసినదాన్ని చివరన పెట్టాను.

ఆమె చెప్పిన జుమ్మా, శుక్రవారం పొద్దున, కుండీలు మళ్ళీ లోపలికి తెచ్చాననుకుని ఆపా నా మీద కేకలేస్తూనే గడప దాకా వచ్చింది. గోడ వైపు చూసింది. మెల్లగా వాకిట్లోకి వచ్చి, మంచం మీద కూర్చుని, తడి జుట్టు విప్పి ఎండకు ఆరబెట్టుకుంది.

బయటి నుంచి బండాయన గొంతు వినిపించింది. "ఏం కనిపిస్తలేదక్కా!"

"కనిపించొద్దనే పెట్టిన! నీ ఎద్దును సూస్కో పో!"

ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గోడ మీద ఇంకా ఖాళీగా ఉన్న మూలను వేలుతో చూపించింది.

"నిజామాబాద్ ఎప్పుడు పోతవ్? ఆడ గూడ పెట్టాలె."