మూత కూడా రాదన్న రోజు

మొన్న అమలాపురంలో స్టీలు సామాన్ల షాపుకి వెళ్ళి, పాత అలవాటు కొద్దీ ఒక గిన్నెని సగం ధరకి అడిగితే, అక్కడి అమ్మాయి నవ్వి, దానికి అంటించిన ధర కాగితం చూపించింది. నా విద్యకి ఇక గిరాకీ లేదనుకుంటూ మెట్లు దిగుతుంటే మా పెద్దన్నయ్య గుర్తొచ్చేరు.

ఎనభైల మొదట్లో మాకు ఇదే వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టుండేది. బేరంలో అన్నయ్యని గెలిచినవాళ్ళు లేరు, నేను తప్ప. అలాంటి మనిషి వదిన పోయాక సారాకి అలవాటు పడి, ఎవరెంతకి అడిగితే అంతకి ఇచ్చేసి గోడవైపు తిరిగి కూర్చునేవారు. తాగుడు మానితే దిగులు అదే పోతుందని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. ఓ పొద్దున్న ఆయన నాతో "ఇంకెందుకే బతకడం" అన్నారు. ఆ పూటే బస్సెక్కించి, ఎదుర్లంక దగ్గర పంటు మీద గోదావరి దాటించి కాకినాడలో డాక్టరుగారికి చూపించాను.

ఆయన కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచుకుని తాగుడు మాన్పించేరు. దిగులుకి వేరే మాత్రలు రాసి, తొమ్మిది నెలలు వాడాలన్నారు. నోరూరుకోక, ఆరు చెయ్యండన్నాను. ఆయన నవ్వి, ఇవి రెండు జబ్బులమ్మా, ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని పిలుచుకొస్తుందన్నారు. నా తెలివి చూడండి! మూడో నెలలో, తాగడం లేదుగా ఇంకెందుకని, మాత్రలు నేనే ఆపేశాను. కొద్దివారాలకే అన్నయ్య మళ్ళీ గోడవైపు తిరిగేరు, ఆ వెనకే సారా వాసనా వచ్చింది. మళ్ళీ పంటెక్కి, తప్పు నాదేనండీ అని డాక్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను. ఈసారి ఎన్ని నెలలని అడగలేదు. రోజూ కాఫీ తాగిన వెంటనే, అన్నయ్య మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని.

కొన్ని నెలలకి అల్లవరం నుంచి ఒకావిడ వచ్చి పెద్ద ఇత్తడి గుండిగని సగం ధరకి అడిగింది. లోపలున్న నాకు గుండిగ మీద ఠంగుమని వేళ్ళతో కొట్టిన చప్పుడు, ఆ వెంటనే అన్నయ్య గొంతు వినిపించేయి.

"ఆ ధరకి మూత కూడా రాదండీ!"

"ఆయ్, మూత మీరే ఉంచుకోండి, గుండిగ ఇప్పించండి!"

అన్నయ్య పకపకా నవ్వేరు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేను. ఆపైన బతికినన్నాళ్ళూ ఆయన సారా ముట్టలేదు. నా జన్మలో ఎన్నో బేరాలు గెలిచాను గానీ, గర్వంగా చెప్పుకునేది మాత్రం డాక్టరుగారి దగ్గర ఓడిపోయిన ఆ ఒక్కటే.

ఇప్పుడు పంటు బదులు వంతెనొచ్చింది, వైద్యమూ దగ్గరైంది. కానీ కొట్లలో బేరం మాటలు పోయేయి. బల్ల వెనక మనిషి కుంగిపోతున్నాడని ఇంట్లోవాళ్ళకి దేన్నిబట్టి తెలుస్తుందో! అందుకే, ధర కాగితం కనిపిస్తున్నా సగానికే అడుగుతాను. కుదరదండీ అని గట్టిగా అంటే, హమ్మయ్య, మనిషి బాగానే ఉన్నారనుకుని అడిగినంతా ఇచ్చేస్తాను.