మగ్గం గదిలో ఏసీకి వచ్చిన జబ్బు

రామన్నపేటలో ఏసీకి జబ్బు చేస్తే మెకానిక్ కన్నా ముందు నన్నే పిలిచేవాళ్లు. వందల మిషన్లు బాగుచేశాను. సరే, వందలు కాదు, మూడు. అందులో ఒకటి కూలరు. ఇంకోదానికి నేను చేసిందల్లా ప్లగ్గు తీసి, కాసేపాగి, మళ్లీ పెట్టడం.

ఆ పేరు నాకు మా మగ్గం గదిలోని స్మార్ట్ ఏసీ వల్ల వచ్చింది. నా మోకాళ్లు మొరాయించాక గుంట మగ్గంలో కూర్చుని నేసే పని మా ఆవిడ మీద పడింది. నేను పక్కనే పీట మీద కూర్చుని, ఆమె నేతకు కావాల్సిన పట్టు దారం కండెలు చుట్టేవాణ్ణి. పైన రేకుల కప్పు. ఎండాకాలం ఆ గదిలో ఉడికిపోయేవాళ్లం. ఏసీ పెట్టిద్దామని పట్టుబట్టింది నేనే. మా ఆవిడ వద్దంది, కొడుకు నసిగాడు. అయినా పెట్టించి, ఈ వాడలో మగ్గానికి ఏసీ పెట్టించిన మొదటి మొనగాణ్ణి నేనేనని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. అది పనిచేయకపోతే పోయేది నా పరువే.

ఏసీతో పాటు గోడకు ఒక చిన్న పెట్టె బిగించారు. థర్మోస్టాట్ అంటారట. గదిలో వేడి ఎంతుందో చూసుకుని ఏసీని అదే నడుపుతుంది, ఏదైనా చెడితే తెర మీద కోడ్ చూపిస్తుంది. ఫోన్‌లోంచి కూడా దాన్ని నడపొచ్చు. ఫోన్ పని కోడలికి అప్పగించి, కోడ్‌ల పెత్తనం నేను తీసుకున్నాను.

మొదట ఈ-వన్ వచ్చింది. బిగించిన రోజు మగ్గానికి పెట్టినట్టే ఆ పెట్టెకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. గాలి వెళ్లే సన్నటి చీలికల్లోకి ఆ పొడి దూరి, లోపల వేడి కొలిచే సెన్సర్‌ను కప్పేసింది. మెత్తటి బ్రష్షుతో దులిపితే కోడ్ పోయింది. సాయంత్రానికల్లా నా వైద్యం సంగతి వీధి చివరిదాకా పాకింది. పాకించింది నేనే అనుకోండి.

కొన్నాళ్లకు ఎల్‌సీ మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఏసీ ఆగిపోయి ఉండేది, తెర మీద ఆ రెండక్షరాలు. మీటలు ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. ఏసీతో వచ్చిన పుస్తకంలో చెడిపోతే వచ్చే కోడ్‌ల పట్టిక చూశాను. అందులో ఎల్‌సీ లేదు. పట్టికలో లేనిదంటే పెద్ద జబ్బేననుకున్నాను. ఫిల్టరు కడిగాను. మోకాళ్లు మూలుగుతున్నా నిచ్చెన ఎక్కి, ఎర్రటి ఎండలో బయటి మిషన్‌కు పట్టిన దుమ్మంతా దులిపాను. చిత్రంగా, సాయంత్రం మా ఆవిడ మగ్గం మీంచి లేచాక అది దానంతటదే తిరిగేది. నా చెయ్యి పడబట్టే తిరుగుతోందని చెప్పుకున్నాను.

"ఏమైందంట మామయ్యా?" అని కోడలు అడిగేది.

"కంప్రెసర్‌కు గ్యాస్ అందుతలేదు బిడ్డా" అనేవాణ్ణి, ఎక్కడో విన్న మాట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. దగ్గనుకున్నాను.

ఎదురింటి బావ వాకిట్లోంచే కేకేసేవాడు. "ఏం డాక్టరూ, పేషెంటు ఎట్లున్నడు?"

"ఐసీయూల ఉన్నడు బావా."

"జర పైలం. నీ చేతుల పడ్డంక బతుకుతడో లేదో!"

ఒకరోజు మధ్యాహ్నం తిండి తిని పడుకోబోతూ, కళ్లద్దాలు మగ్గం గదిలో మరిచానని వెనక్కి వచ్చాను. తలుపు దగ్గర ఉండగానే కోడలి గొంతు వినిపించింది.

"అత్తమ్మా, ఫోన్ల ఏసీ బందు చేసి లాక్ చేసిన. ఇగ మామయ్య ఎన్ని ఒత్తినా సాయంత్రం దాక రాదు."

"మంచిగ చేసినవ్. పొద్దటిసంది పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతానయి. గా ఏసీ గాలికి పట్టు ఎండి పెళుసైతాంది. అతుకుడుకే పొద్దు పోతాంది నాకు."

"గదే మామయ్యకు చెప్పరాదు?"

"ఒకపాలి చెప్పిన. నీ చెయ్యి బరువైంది, గందుకే తెగుతానయి అన్నడు."

ఆ మాట అంటూనే మా ఆవిడ చెంబు తీసుకుని గుంట చుట్టూ నీళ్లు చిలకరించింది. ఎండాకాలం పోగుకు తేమ ఉండాలని మా అమ్మ కూడా అలాగే చేసేది. నేను నేసిన రోజుల్లో నేనూ చేశాను.

లోపలికి వెళ్లి, "ఎల్‌సీ అంటే తాళమా?" అన్నాను.

కోడలు తల వంచుకుంది. "పిల్లలు ముట్టకుంట ఏసే తాళం మామయ్యా."

"ఇది ఎవరెవరికి ఎరుక?"

"ఇంట్ల అందరికి."

"ఎదురింటోనికి?"

దానికి మా ఆవిడే జవాబిచ్చింది. "నేనే చెప్పిన. నువ్వు మిషన్ విప్పి షాక్ కొట్టిచ్చుకుంటవని, జర కనిపెట్టుమన్న."

నేను నిచ్చెన మీద చెమటలు కక్కుతుంటే వాడు కింద నిలబడి పేషెంటు గురించి అడిగింది అందుకన్నమాట. ఒళ్లు మండిపోయింది. "తాళం తియ్" అన్నాను. కోడలు తీసింది. ఏసీ తిరిగింది.

మా ఆవిడ చేతిలోని నాడె పక్కన పెట్టి, గుంటలోంచి లేచి, పడుగు మీద తడిగుడ్డ కప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పంతానికి పీట మీద కూర్చుని కండెలు చుట్టాను. గది చల్లగా, హాయిగా ఉంది. బుట్ట నిండింది. ఆ కండెలతో నేసేవాళ్లే లేరు. మగ్గం చప్పుడు లేని ఆ గదిలో ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. నా చేత్తో నేనే ఏసీ ఆపేశాను. కాసేపటికి ఆమె వచ్చి, తడిగుడ్డ తీసి, నా వైపు చూడకుండానే గుంటలోకి దిగింది.

ముందే గట్టిగా చెప్పి ఉంటే ఆ పూటే ఆపేసేవాణ్ణని తర్వాత చాలామందితో అన్నాను. ఆపేవాణ్ణి కాదు. నీ చెయ్యే బరువని మళ్లీ అనేవాణ్ణి. అయినా సరే, ఎదురింటివాడికి చెప్పిన మాటేదో నాకే చెప్పాల్సింది.