మమ్మల్ని మాట్లాడించిన గొర్రెల అవ్వ

రాచర్ల దాటాక లోపలి దారిలో గొర్రెల దొడ్డి దగ్గరుండే అవ్వ పోయింది. పోయిన బుధవారం పొద్దున నేను పప్పుకు పోపు వేస్తుండగా ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "మాయమ్మ పోయిందక్కా. మీకు చెప్పమని ముందే చెప్పి పెట్టినాది" అన్నాడు. స్టవ్ ఆపేసి మా ఆయనకు ఫోన్ చేశాను.

ఆమె మాకు చుట్టం కాదు. ఏడేళ్లలో ఓ ఇరవైసార్లు చూసి ఉంటాను. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేస్తారు. అమ్మాయి పెళ్లయి వెళ్లాక, ఆదివారాలు బండి మీద దూరం పోయొద్దామన్నారు. హైవే మీద లారీలంటే నాకు భయం, అందుకని లోపలి రోడ్లు. నేను ముందురోజే అన్నీ సర్దిపెట్టేదాన్ని. రెండు సీసాల నీళ్లు, పెరుగన్నం డబ్బా, చైనుకు వేసే నూనె, పాత గుడ్డ. ఏ ఊరు ఎన్ని గంటలకు దాటాలో ఒక చీటీ. అన్నీ ఉండేవి, మాటలే ఉండేవి కావు. ఆయన ముందుకు చూస్తూ ఏదో ఒకటి చెబుతూ ఉండేవారు. నేను జవాబివ్వడం ఎప్పుడో మానేశాను. కోపం కాదు. చెప్పుకోవాల్సినవి అయిపోయాయి అనిపించేది.

ఆ ఆదివారం తర్లుబాడు, కంభం మీదుగా వెళ్లి, రాచర్ల దాటాక రోడ్డు పక్క వేపచెట్టు కింద అన్నం తిన్నాం. ఎదురుగా ముళ్లకంప వేసిన గొర్రెల దొడ్డి. తిన్నాక ఆయన బండెక్కి స్టార్ట్ చేశారు. నేను బరువు సంచి ఎత్తి వెనక తగిలించాను. బండి కొంచెం కిందికి దిగింది. నేను ఎక్కాననుకుని ఆయన పోనిచ్చేశారు. నా ఫోను ఆ సంచిలోనే ఉంది. చేతిలో చిన్న పర్సు మాత్రం మిగిలింది.

బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు. పిలిస్తే వినపడేంత దూరమే. ఎందుకు పిలవలేదో నాకు నేనే చెప్పుకోలేకపోయాను.

దొడ్డి దగ్గర నుంచి నవ్వు వినపడింది.

"ఏం పాపా, దించేసి పోయినాడా, నువ్వే దిగిపోతివా?"

"మర్చిపోయారవ్వా."

"చెప్పులు మర్చిపోతారు, చెంబు మర్చిపోతారు. ఇంత మనిషినా?" అని నన్ను పైనుంచి కిందికి చూసి మళ్లీ నవ్వింది. నా ఒళ్లు చూసి అన్నదని అర్థమై నాకూ నవ్వొచ్చింది.

ఆమె ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు దగ్గర ఉంది, కొడుకేమో మందతో కొండ కిందికి పోయాడు. అవ్వ మేకపాలతో టీ కాచి ఇచ్చింది. పావుగంటైంది, అరగంటైంది. బండి చప్పుడు లేదు. నవ్వు పోయి ఏడుపు రాబోతుండగా గిద్దలూరు వైపు నుంచి రాచర్ల ఆటో వచ్చింది. చెయ్యెత్తాను. రాచర్లలో బస్సెక్కి ఇంటికి పోదామని, ఇక ఆ బండి ఎక్కేది లేదని గట్టిగానే అనుకున్నాను.

అవ్వ అడ్డు చెప్పలేదు. "పోతే పో. ఆయన వెనక్కొచ్చి యాడ నా పెండ్లామంటే ఏం జెప్పాల్నో జెప్పిపో" అంది.

"వెళ్లిపోయిందని చెప్పవ్వా."

"అది ఆయనకే కనపడ్తాది గదా. ఎందుకు పోయిందంటే?"

నోరు తెరిచాను, ఇక ఆగలేదు. అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజు నేను దాని గదిలో మంచం మీద కూర్చుని ఉంటే, ఈయన తలుపు దగ్గరికి వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని ఫ్యాన్ ఆపేసి వెళ్లిపోయిన సంగతి చెప్పాను. అది ఎవరికీ చెప్పలేదు అంతవరకు, మా అమ్మకు కూడా.

"అక్కా, ఎక్కుతావా లేదా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"పో నాయనా. ఆమెకు ఇంకా శానా ఉంది" అంది అవ్వ.

ఇంకొంచెం సేపటికి మా ఆయన వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి స్టాండు వేయబోతే రెండుసార్లు జారింది. "పదకొండు కిలోమీటర్లు పోయినా. ఎటు తిరగాలని అడిగితే పలకలేదు. తిరిగి చూస్తే లేవు. యాడన్నా పడిపోయినావేమోనని గుంత గుంతా చూసుకుంటా వచ్చినా" అన్నారు.

అవ్వ ఆయనకు ముందు నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగి అంది. "నాయనా, నేను ముందు నడుస్తా, మంద వెనక వస్తాది. ఒక్కటి తగ్గినా చప్పుడు బట్టి నాకు తెలిసిపోతాది. నీకుండేది ఒక్క మనిషి." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వూ తక్కువ దానివి కాదులే. నోరుండీ పిలవకపోతివి. ఇప్పుడు నాకు జెప్పింది ఆయనకు జెప్పుకుంటా పో."

చెప్పాను. బండి మీద, ఆయన వీపుకు చెప్పాను. కంభం చెరువు కనపడ్డాక, "నువ్వు గదిలో ఉన్న సంగతి నాకు నిజంగా తెలియదు" అన్నారు. బండి అంత నెమ్మదిగా నడపడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత గిద్దలూరు వైపు ఎప్పుడు వెళ్లినా దొడ్డి దగ్గర ఆగేవాళ్లం. అవ్వ ఎవరితో మాట్లాడుతున్నా చెయ్యి మాత్రం పక్కనున్న గొర్రె వీపు మీద తిరుగుతూ ఉండేది, ముల్లు తగిలితే తీసి పారేసేది. దూరాలు కిలోమీటర్లలో చెబితే ఆమెకు ఎక్కేది కాదు. మందకు ఎన్నిచోట్ల నీళ్లు పెట్టాలో అదే ఆమె లెక్క. "మార్కాపురమా, నాకైతే శానా నీళ్ల దూరం" అనేది. మేం కూర్చోగానే ఆమె అడిగేది ఒక్కటే. "ఈ తూరి ఏం మాట్లాడుకుంటా వచ్చినారు?"

పరీక్షలాగా ఉండేది. ఒకసారి ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. చివరికి ఆయన, "టమాటాలు అవ్వా. రేటు పెరిగిందని" అన్నారు. "అదీ మాటే" అని ఒప్పుకుంది. ఆమెకు చెప్పడానికని రాచర్ల లోపే ఏదో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. కొన్నాళ్లకు ఆమె అడుగుతుందన్న ధ్యాస కూడా పోయింది. ఆమె అడిగేసరికి ఏది చెప్పాలో తేలక ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం.

పోయిన ఎండాకాలం చూసినప్పుడు మంచం మీద ఉంది. మాట సన్నగా వస్తోంది. అయినా అడిగింది. అమ్మాయికి నెల తప్పిందని చెప్పాను. "దాని గదికి రానీ, పురిటికి" అంది. ఏ గదో ఆమెకు గుర్తుంది.

బుధవారం ఫోన్ రాగానే ఆయన సెలవు పెట్టి వచ్చారు. చీటీ లేదు, డబ్బా లేదు, అట్లాగే బయలుదేరాం. చివరి చూపు దక్కింది. కొడుకు మందను ఎవరికో అప్పజెప్పాడట, దొడ్డి ఖాళీగా ఉంది. మధ్యాహ్నం తిరుగుదారి పట్టాం. దారిలో నేను పలకలేదు. హెల్మెట్ లోపల కళ్లు తుడుచుకోవడానికి కూడా వీలు కావడం లేదు.

కంది చేల మధ్య, ముందు ఊరు లేదు వెనక ఊరు లేదు, ఆయన బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశారు.

"ఏంది, ఆపినారు?"

"నీ మాట వినపడలా."

వెనక్కి తిరగలేదు. ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి చాపి, నా మోకాలు తడిమి చూసుకున్నారు. ఉన్నానని తెలిశాక కూడా ఆ చెయ్యి తీయలేదు.