బట్టీ పట్టిన జాజ్

ఇప్పుడంటే అమెరికాలో మా అరోరా ఊళ్ళో మిడిల్ స్కూల్ పిల్లలకి కూడా జాజ్ బ్యాండ్ ఉంది, కాలేజీల్లో జాజ్‌కి డిగ్రీలే ఇస్తున్నారు, అందులో ఒక కాలేజీ నాకు జీతం కూడా ఇస్తోంది. నేను చదువుకునే రోజుల్లో మా హైస్కూల్లో అది పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వచ్చే కొద్దిమంది పిచ్చి. దాన్ని నడిపే బ్యాండ్ మాస్టారు (ఎండైనా మంచైనా తల మీంచి టోపీ తియ్యరు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు టోపీ మాస్టారు) ఆడిషన్ పెట్టారు. శాక్సఫోన్‌కి ఒక్కటే చోటు. అన్నం సహించనంతగా నాకు ఆ చోటు కావాలి.

జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడమే, కాసేపు నీకు తోచింది వాయించాలి, అంతే అన్నారాయన. ఆ మాట ఇంట్లో చెబితే నాన్న టీ కప్పు కింద పెట్టేశారు. "సిలబస్ లేకుండా టెస్ట్ ఏంట్రా?" శనివారాలు చుట్టుపక్కల పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్పే అమ్మ, తయారవకుండా వెళ్తే పరువు పోతుందంది. ఇక ముగ్గురం కూర్చుని నాకు ఏం తోచాలో నిర్ణయించాం. అమ్మ పాడింది, నేను వాయించాను, ఎక్కడ ఆగాలో నాన్న చెప్పారు (ఆయనకి సంగీతం రాదు, ఆపమనడం వచ్చు). స్పెల్లింగ్ పోటీకి పట్టినట్టే బట్టీ పట్టాను.

ఆడిషన్‌లో దంచేశాను. మాస్టారు టోపీ తీశారు. మళ్ళీ వాయించమన్నారు. ఒక్క స్వరం తేడా లేకుండా వాయించాను. టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారీ అదే. ఆయన నవ్వాపుకుంటూ, ఎవరు నేర్పారని అడిగారు. అమ్మ, బయట కార్‌లో ఉంది అన్నాను. లోపలికి రమ్మనమన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

రోజూ ఇంట్లో ఎలా పాడుకుంటారో అలాగే కానివ్వమన్నారాయన. అమ్మ ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగ్ మీద తాళం వేస్తూ కొత్త స్వరాలు కొన్ని పాడి నా వైపు చూసింది. అవి బట్టీలో లేవు. ఊదాను, తప్పింది, గతుక్కుమని ఆగిపోయాను.

"తప్పు పడితే ఆగకు నాన్నా. అదే మళ్ళీ వాయించు, కావాలనే వేశావనుకుంటారు" అంది అమ్మ, తాళం ఆపకుండా.

అదే మళ్ళీ వాయించాను. అమ్మ దానికి జవాబు పాడింది. ఆ తర్వాత ఏం వాయించానో ఒక్క ముక్క గుర్తులేదు. అమ్మ ఏమందని మాస్టారు అడిగితే ఇంగ్లిష్‌లో చెప్పాను. ఏడాది పొడుగునా తను మొత్తుకునేది ఇదేనని ఆయన టోపీ తీసి అమ్మకి దండం పెట్టినంత పని చేశారు. చోటు నాదైంది. ఆ రోజు నవ్వేసి పంపించి ఉంటే ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఈ ఉద్యోగం, ఈ జీవితం ఆ ఇద్దరి చలవే.

మొన్న మా కాలేజీ ఆడిషన్‌కి ఒక తెలుగమ్మాయి వచ్చింది. అద్భుతంగా వాయించింది. మళ్ళీ అన్నాను. అదే. ఇంకోసారి అన్నాను. ఊపిరి తీసుకునే చోటుతో సహా అదే. నవ్వు తన్నుకొచ్చింది, వెనకే కళ్ళు చెమర్చాయి. ఎవరు నేర్పారని అడిగాను.

"మా డాడీ, అంకుల్... సారీ, ప్రొఫెసర్. బయట కార్‌లో ఉన్నారు."

"లోపలికి రమ్మనమ్మా" అన్నాను.