వనజ పట్టిన కారు

వనజకు నోరు లేదన్నది గూడెమంతా ఒప్పుకున్న విషయం. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే తప్ప పలికేది కాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే ఆ చెయ్యెత్తడం కూడా తప్పింది. తల్లి పోయాక అన్న కూతురు శ్రావణి ఆమె ఒళ్లోకి చేరింది.

శ్రావణికి ఏడాదిన్నర. బరువు ఆరున్నర కిలోలు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. పది కిలోలకు వస్తే ఆపరేషన్ చేస్తామని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. నాలుగు గుటకలు పాలు తాగితే ఆయాసపడే పిల్లను పది కిలోలకు తేవడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

భద్రాచలం దవాఖానా నర్సు ఒక పని నేర్పింది. పిల్ల నిద్రపోతున్నప్పుడు గౌను పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో సెల్‌ఫోన్ చూసుకుంటూ ఒక నిమిషం లెక్కపెట్టాలి. యాభై దాటినా, డొక్కలు ఎగరేసినా ఆలోచించకుండా భద్రాచలం తీసుకురావాలి. వనజ రోజుకు మూడుసార్లు లెక్కపెట్టి గోడ క్యాలెండర్ గళ్లలో రాసేది.

"ఏం డాక్టరమ్మా, ఇయ్యాల ఎన్నొచ్చినయి?" అని పక్కింటి నాగక్క వచ్చినప్పుడల్లా నవ్వేది.

విత్తనాలు చల్లే ముందు కోయగూడేల్లో భూమి పండుగ వస్తుంది. మగవాళ్లు మూడు రోజుల వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, పాటలు పాడి, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ పైసలు అడుగుతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు చల్లుతారు. అడవిలో కుందేలు కనబడటమే గగనమైనా, మగవాళ్లు ఉన్న బైకులన్నీ ఎక్కి మహా ఆర్భాటంగా బయలుదేరతారు.

ఆ ఏడు పండుగకు శ్రావణి తల్లి రెండో కాన్పుకు పుట్టింట్లో ఉంది. పిల్లకు జలుబు పట్టింది. బైకు తుడుస్తూ అన్న వీరబాబు అడిగాడు.

"ఎంత?"

"నలభై నాలుగు."

"యాభై కాలే గదా!"

ఉండన్నా అనడానికి వనజ నోరు తెరిచింది. అప్పటికే బయట హారన్లు మోగుతున్నాయి. వీరబాబు వెళ్లిపోయాడు.

మూడోనాటి పొద్దున లెక్క అరవై రెండు వచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. వనజ క్యాలెండర్ కాగితం చింపి నడుముకు దోపుకుని, పిల్లను ఎత్తుకుని, సిగ్నల్ అందే గుట్ట మీదికి పరుగెత్తి 108కు ఫోన్ చేసింది. బండి పక్క మండలంలో ఉంది, గంటన్నర పడుతుందన్నారు. గుట్ట దిగి అట్లాగే ఆడవాళ్లు తాడు కట్టిన చోట రోడ్డెక్కింది. పండుగ మొదలైనప్పటి నుంచి సిగ్గుపడి అటు రానిది ఆ పూటే రావడం.

"వచ్చినవా పిల్లా! నీకు ఇయ్యాల తీరిందా?" అన్న నాగక్క, చేతుల్లో పిల్లను చూసి నవ్వు ఆపేసింది.

అంతలో ఒక జీపు కనబడింది. ఆపద వేళ పైసలు అడగడం ఏం మర్యాదని నాగక్క తాడు కింద పడేసి చేతులు జోడించింది. దారి ఇచ్చారనుకుని డ్రైవరు సంతోషంగా చెయ్యి ఊపి, ఇంకింత వేగంగా దాటిపోయాడు. వెనకొచ్చిన వ్యానూ అంతే. దండం పెడితే ఆగేవాళ్లు లేరు.

"పెద్దమ్మా, తాడు కట్టుండ్రి," అంది వనజ. "పాడుండ్రి."

ఆడవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. తాడు బిగించారు. పాట ఎత్తుకున్నారు. ఎగశ్వాస పీలుస్తున్న పిల్లను ఎత్తుకుని వనజ కూడా వాళ్ల వరుసలో అడుగు కలిపింది.

తెల్ల కారు ఒకటి బుద్ధిగా ఆగింది. అద్దం రెండు వేళ్ల మందం దిగింది. అందులోంచి పది రూపాయల నోటు బయటికొచ్చింది. కారులో ఉన్న ప్రభాకర్ సారపాక కాగితం మిల్లుకు జామాయిలు కర్ర తోలే కాంట్రాక్టరు.

"ఇగో, జల్దీ తాడు దించుండ్రి. నాకు పనుంది."

"పైసలొద్దు సార్. సీటు గావాలె," అంది వనజ. "పాప డొక్కలెగరేస్తుంది. నిమిషానికి అరవై రెండు. భద్రాచలం దవాఖానాకు పోవాలె."

"108కు ఫోన్ చెయ్యలేదా?"

"చేసినం. నువ్వు ముందొచ్చినవ్," అంది నాగక్క బానెట్ మీద రెండు చేతులూ ఆనించి. "ఎక్కించుకుంటవా, పొద్దూకే దాకా మాతోని పండుగ చేస్తవా?"

ప్రభాకర్ తలుపు తీశాడు. కొత్త సీటు మీద పిల్ల పాలు కక్కుతుందేమోనని ముందు పేపరు పరిచాడు.

దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. "గీ అడవిల మీకు అవగాహన లేదమ్మా. రోగం ముదిరేదాకా చూస్తరు." వనజ లెక్కపెడుతోంది. అరవై ఆరు.

దవాఖానాలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. ఆయాసం ఎప్పటి నుంచని డాక్టరు అడిగాడు. వెనకే వచ్చిన ప్రభాకర్ అందుకున్నాడు. "వీళ్లకేం తెలుస్తది సార్..."

వనజ నడుములోంచి క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చింది. డాక్టరు గడి గడీ చూసి, దాన్ని కేసు షీటుకు పిన్ను పెట్టమని నర్సుకు ఇచ్చాడు. "నిమోనియా. ఇంకో రెండు గంటలైతే నా చేతిలో ఉండేది కాదు," అన్నాడు. ప్రభాకర్‌కు పని గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున వీరబాబు దవాఖానాకు వచ్చాడు. చొక్కా మీద పేడనీళ్ల మరకలు. వేటగాళ్లకు పిట్ట కూడా దొరకలేదు. పేడనీళ్లు చల్లుతూ నాగక్క అన్న మాటను, తల వంచుకుని, తనే చెప్పాడు. "మూడు దినాలు తిరిగి మీరు పిట్టను పట్టకపోతిరి. నోరు లేని పిల్ల కారును పట్టిందన్నది."

వనజ నవ్వలేదు. ఫోన్ చూసుకుంటూ లెక్క ముగించింది.

"ఎంత?" అన్నాడు వీరబాబు.

"నలభై ఆరు."

"యాభై కాలే గదా," అన్నాడు అలవాటుగా. బైకు తాళంచెవి అప్పటికే చేతిలో ఉంది.

"ఉండన్నా," అంది వనజ. "ఇయ్యాల ఎటూ పోకు."

వీరబాబు తాళంచెవి జేబులో వేసుకుని మంచం పక్కన కూర్చున్నాడు.