కెజియా వెళ్ళే ఇళ్ళు

కళింగపట్నంలో లైట్‌హౌస్ దారిన రేఖకు చిన్న ఇల్లు, అరుగు మీద ఒక కుట్టుమిషను. పెనిమిటి ధనరాజు ఏడాదిలో ఎక్కువ రోజులు దూరాన వేరావల్ చేపల బోట్ల మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలేది రేఖ, కూతురు. పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టిన పిల్ల కదా అని ప్రార్థన మందిరంలో అయ్యగారిని అడిగి మరీ కెజియా అని పెట్టుకుంది. ఆ పేరు పేటలో ఎవరికీ నోరు తిరగలేదు. కేజీ అన్నారు. పిల్ల పుల్లలా ఉండేసరికి బళ్ళో అరకేజీ అన్నారు. ఆ మాటకు పిల్ల నవ్వేది. రేఖకే ఒళ్ళు మండేది.

అసలు బాధ పేరుతో కాదు. పదేళ్ళ పిల్ల ఇంటిపట్టున ఉండదు. పోనీ ఆటలకు పోతుందా అంటే అదీ లేదు. ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉంటే అక్కడ, ఎవరింట్లో ఏడుపు వినపడితే అక్కడ తేలుతుంది. ఎవరూ పిలవరు. తనే వెళ్ళి ఓ పక్కన కూచుంటుంది.

పక్షవాతంతో పడి ఉన్న కూర్మయ్య తాత దగ్గర అలాగే కూచునేది. ఏ పడవ ఒడ్డుకొచ్చింది, ఎవరి వలలో ఏం పడింది, అన్నీ చెప్పేది. ఒక సాయంత్రం అలా కబుర్లు చెప్పి వచ్చింది. తెల్లారేసరికి తాత పోయాడు. వర్షాకాలంలో ఇంకో ముసలామె విషయంలోనూ అలాగే జరిగింది. ఆ పిల్ల కూచున్న ఇంట్లో చావు తప్పదని ఇక ఊరి నోటికి పని దొరికింది.

పక్కింటి గున్నమ్మ ఓ రోజు అరుగు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఏటీ అనుకోకు రేఖా. పిల్లని మా గుమ్మం తొక్కనీకు. కోడలు ఒట్టి మనిషి కాదు."

రేఖ తలూపింది. ఆ పూట కుట్టిన జాకెట్టుకు ఎడమ చెయ్యి కుడికీ, కుడి చెయ్యి ఎడమకీ పడ్డాయి. విప్పి కుట్టింది, మళ్ళీ విప్పింది. పిల్ల బడి నుంచి రాగానే జబ్బ పట్టుకుంది.

"ఆల్లిల్లల్లో నీకేటి పనే?"

"కూర్మయ్య తాతకి అప్పుడెవరూ నేరమ్మా."

"ఇంటినిండా సుట్టాలుంటే ఎవరూ నేరంతావేటి?"

"ఉన్నారు. అందరూ తాత గురించే మాటాడీవోరు. తాతతో ఎవరూ మాటాడీవోరు కాదు."

ఆ శుక్రవారం రేఖ ఉపవాస ప్రార్థనకు పిల్లను తీసుకుపోయి అయ్యగారి ముందు నిలబెట్టింది. "దీనికేదో పట్టిందండి" అంది. ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆమేన్ అనగానే కెజియా ఆయన కాళ్ళవైపు చూసింది.

"అయ్యగారూ, మీకు కాలు నొప్పా? బరువంతా ఒక్క కాలి మీదే ఏస్తన్నారు."

రేఖ పిల్ల వీపు మీద గిల్లింది. అయ్యగారు మాత్రం మెల్లగా కుర్చీలో కూచుని, పంచె కాస్త పైకి తీశారు. మడమకు కట్టు ఉంది.

"సుగరు పుండమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు."

"భయమేస్తందా?"

"ఏస్తంది" అన్నారాయన. పంచె దించుకుని రేఖతో, "దీనికేటీ పట్టలేదమ్మా. ఎవరికి నొప్పుందో దీనికి కనపడతాది. దేవుడు ఇచ్చింది, ఊరికే ఇయ్యడు" అన్నారు.

ఇచ్చినవాడు బాగానే ఇచ్చాడు, ఊరి నోరు మూయించేదెవరు అనుకుంటూ రేఖ ఇంటికొచ్చింది. ధనరాజు ఫోనులో "బడి అయ్యాక ఇంట్లో పెట్టి గొళ్ళెం పెట్టు" అన్నాడు. రెండు రోజులు అలాగే చేసింది. పిల్ల అల్లరి చెయ్యలేదు, కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూసింది. ఆ చూపు భరించలేక రేఖే గొళ్ళెం తీసేసింది.

అటు తరవాత కొద్ది రోజులకే వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అల తిరగబడి గోవిందు పడవ బోల్తా కొట్టింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు. గోవిందు శవమై ఒడ్డుకు చేరాడు. తల్లి బుల్లమ్మకు అతనొక్కడే. దహనం అయిపోయినా ఆవిడ ఏడవలేదు, ముద్ద ముట్టలేదు. ఇసకలోకి లాగిన ఆ పడవ పక్కన కూచుని ఉండిపోయింది. ఆడాళ్ళు వంతులేసుకుని కాపలా కాశారు. కొడుకు పేరు మాత్రం ఆవిడ ముందు ఎవరూ ఎత్తలేదు.

"ఇయాల ఎక్కడికీ ఎల్లకు. బడి, ఇల్లు, అంతే" అని రేఖ పొద్దున్నే చెప్పి పంపింది. బడి వదిలారు. వీధిలో పిల్లలందరూ వచ్చారు, కెజియా రాలేదు. రేఖ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి బయల్దేరింది. బడిలో లేదు, మందిరంలో లేదు. చేపలు ఎండేసే చోట అడిగితే ఒకామె రేవువైపు చెయ్యి చూపించి, మొహం తిప్పుకుంది.

పడవ నీడన పిల్ల బుల్లమ్మ పక్కనే కూచుని ఉంది. రెక్క పట్టి లాక్కుపోదామని రేఖ వెనకనుంచి గబగబా నడిచింది. అప్పుడు పిల్ల గొంతు వినపడింది.

"మామ్మా, గోవిందు మావకి ఏ కూరంటే ఇష్టం?"

రేఖ కాళ్ళు ఆగిపోయాయి. బుల్లమ్మ సముద్రం మీంచి చూపు తిప్పలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"కవళ్ళ సేపల పులుసు. మావిడికాయ ముక్క పడాల. నేకపోతే కంచం తోసేసీవోడు."

"తోసేసి పస్తుండీవోడా?"

"ఆడా? మల్లీ ఆడే వచ్చి తినీవోడు."

బుల్లమ్మ గొంతులోంచి నవ్వులాంటిది ఏదో వచ్చి, మధ్యలోనే ఏడుపైంది. గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆడాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కెజియా ఊరుకోమని అనలేదు, కళ్ళు తుడవలేదు. కాస్త దగ్గరికి జరిగి, బడి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఇసకలో పెట్టింది. కాసేపటికి బుల్లమ్మ చెయ్యి దాన్ని అందుకుంది.

రేఖకు తన రెండో కాన్పు గుర్తొచ్చింది. కొడుకు కళ్ళు తెరవకుండానే పోయాడు. ఇంటికొచ్చాక అత్తలు, పిన్నులు అందరూ దేవుడి చిత్తం అన్నారు. నాలుగేళ్ళ కెజియా మాత్రం పక్కలో చేరి, "తమ్ముడి పేరేటమ్మా?" అని అడిగింది. పేరు పెట్టలేదని చెప్పడానికి రేఖ ఎంత ఏడ్చిందో, ఏడ్చాక ఆ పిల్ల పెట్టిన ముద్ద ఎలా తిన్నదో ఇన్నాళ్ళూ మనసులో లేనే లేదు. పిల్లకు పట్టిందనుకున్నది అప్పటినుంచీ ఉంది. ఆ చేతి మొదటి ముద్ద తిన్నది తనే.

పిల్లను పిలవకుండా పొద్దు వాలేదాకా ఇసకలోనే నిలబడింది.

ఊరంతా ఒక్కసారి మారిపోలేదు. గున్నమ్మ గేటు మూసుకునే ఉంది. కానీ మరికొందరు "కేజీని ఓపాలి పంపవా" అంటూ అరుగు దగ్గరకు రావడం మొదలుపెట్టారు. దాంతో రేఖకు ఇంకో దిగులు పట్టుకుంది. ఇంతమంది ఏడుపు ఈ చిన్న గుండెలో ఎక్కడ పడుతుంది? ఒక్కో రోజు పిల్ల అన్నం కెలికి లేచిపోయేది. అప్పుడు రేఖ మిషను ఆపి, "ఇయాల ఏటి సూసావో నాకు సెప్పు" అని ఎదురుగా కూచునేది. పిల్ల చెప్పేది. రేఖకు ఓదార్చడం రాదు, వింటూ కూచునేది.

ఒక మధ్యాహ్నం గార ఊరి నుంచి ఒకతను బండి మీద వచ్చాడు. తల్లికి బాగోలేదట. కెజియా చాప మీద పడి నిద్రపోతోంది.

"ఇయాల రాదు బావూ. పడుకున్నాది" అంది రేఖ. "రేపు నానే తీసుకొస్తాను."

అతను వెళ్ళిపోయాక గంటసేపు ఒకచోట నిలవలేకపోయింది. రేపటిదాకా ఆ తల్లి ఉంటుందో లేదో. పిల్లను లేపాల్సిందేమో. లేపితే తప్పేమో. గదిలోకీ అరుగు మీదకీ తిరిగింది.

మర్నాడు ఇంటికి తాళం వేసి ఇద్దరూ ఆటో ఎక్కారు. గార సెంటర్లో దిగగానే కెజియా పుల్లైసు కావాలని పేచీ పెట్టింది. ఆలస్యమైపోతోందని రేఖ మనసు పీకుతున్నా ఆగి కొనిపెట్టింది. ఆరెంజి రంగు మోచేతిదాకా కారింది, గౌను పాడైంది. పిల్ల తీరిగ్గా పుల్ల చీకేదాకా రేఖ ఎండలో నిలబడి కూతురినే చూసింది. తరవాత కొంగుతో ఆ చెయ్యి తుడిచి, నిన్న వచ్చినతను చెప్పిన ఇల్లెక్కడని ఎదురొచ్చినామెను అడిగింది.