కిడ్నీలు నిద్రలేచిన రోజు

సౌదీలో, హాయిల్ ఊళ్లో నేను పనిచేసే ఇంటి మేడమ్‌కి దక్షిణాన సముద్రపొడ్డున ఉన్న జిజాన్‌లో ఒక కూతురుంది. ఆమె ప్రసవిస్తే, బాలింతకి సాయంగా ఉంటానని నన్నూ వెంటబెట్టుకెళ్లారు. హాయిల్ ఎండుగాలికి అలవాటుపడ్డ నాకు అక్కడి తడిగాలి మా గోదావరి వైపు గాలిలాగే అనిపించింది. గదిలో ఉక్క భరించలేక వరండాలో పడుకునేదాన్ని. దోమలు కుట్టేవి. చిన్నప్పటినుంచీ కుట్టించుకున్నవే కదా అని పట్టించుకోలేదు.

తిరిగొచ్చిన కొన్నాళ్లకి చలిజ్వరం మొదలైంది. దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడేవి. మాత్రలు మింగి పని చేసుకుంటూ ఉన్నాను. ఒక పొద్దున చూసుకుంటే మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. తర్వాత అదీ ఆగిపోయింది. చెప్పడానికి సిగ్గేసింది. నా పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టకపోవడం చూసి మేడమే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు సూడాన్ మనిషి. ఈమధ్య ఎక్కడికైనా వెళ్లారా అని అడిగితే మేడమ్ జిజాన్ సంగతి చెప్పింది. నెత్తురు పరీక్షలో మలేరియా తేలింది. మందు ఎక్కించాక జ్వరం దిగింది కానీ మూత్రం రాలేదు. దోమ కుడితే కిడ్నీలకేమవుతుందో నాకు అర్థం కాలేదు. నాది వంటింటి అరబ్బీ కాబట్టి ఆయన తేలిక మాటల్లో చెప్పాడు. మలేరియా క్రిమి ఎర్రకణాల్లో దూరితే అవి బంకగా మారి, సన్నటి నెత్తురు నాళాల గోడలకి అతుక్కుని దారి మూసేస్తాయట. కొన్ని పగిలిపోతాయి. నేను చూసిన రంగు వాటిదే. అటు నెత్తురు సరిగా అందక, ఇటు ఆ పగిలిన చెత్త అడ్డుపడి కిడ్నీలు పని మానేశాయి.

"చచ్చిపోయాయా?" అని అడిగాను.

"నిద్రపోయాయనుకో. లేచేదాకా వాటి పని మిషను చేస్తుంది," అన్నాడు.

మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. నా నెత్తురు ఒక గొట్టంలోంచి మిషన్లోకి వెళ్లి, ఇంకో గొట్టంలోంచి నాలోకే వస్తోంది. మలయాళీ నర్సుని అడిగి, ఆ గొట్టాన్ని వేలితో తాకి చూశాను. వెచ్చగా ఉంది. నా ఒంటి వేడి నాకు బయట తగలడం అదే మొదటిసారి. బీరువా అంత మిషను అంతసేపు శ్రమపడి చేసే పనిని, పిడికిలంత కిడ్నీలు నేను పుట్టినప్పటినుంచీ చడీచప్పుడు లేకుండా చేశాయి. అవి నాలో ఉన్నాయని ఒక్కరోజైనా అనుకున్నదాన్ని కాదు. అలాంటివాటిని కంటికి కూడా కనబడని పురుగు ఆపేసింది. పక్కన మేడమ్ కూర్చుని పెదవులు కదుపుతూ దువా చదువుతోంది. నేను మిషన్నే చూస్తూ ఉండిపోయాను.

అలా చాలాసార్లు చేశారు. ఒకరోజు పొద్దున్నే నర్సు సాయంతో బాత్రూంకి వెళ్తే కొంచెం మూత్రం వచ్చింది. నర్సు దాన్ని కొలిచి పరుగున వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. తర్వాతి రోజుల్లో ఆగకుండా వచ్చింది. మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు చేశారు. చివరికి మెడలో గొట్టం తీసేశారు.

కిడ్నీలకి ఏ మందిచ్చి లేపారని డాక్టర్ని అడిగాను.

"మలేరియానే చంపాం," అన్నాడు. "అవి వాటంతటవే లేచాయి."

మూత్రం రావట్లేదని అప్పటిదాకా నాకు గుక్కలు లెక్కపెట్టి ఇచ్చిన నీళ్లని, నర్సు ఆవేళ నిండు గ్లాసుతో తెచ్చి చేతిలో పెట్టింది. మెల్లగా, మొత్తం తాగాను.